ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో 7 వచ్చినా ఆఫర్ కండిషన్ తీరలేదు. మళ్లీ రాయాలా, ఎంఓఐ (ఇంగ్లీషు మీడియంలో చదివానని కాలేజీ ఇచ్చే లెటర్) పెట్టాలా?

కేపీహెచ్‌బీ_కిరాక్
ఎల్‌కేజీ నుంచి బీటెక్ దాకా ఇంగ్లీషు మీడియమే. స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయల ఫైన్ కట్టిన బ్యాచ్ మాది. మొన్న ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాశాను. లిజనింగ్ 8, రీడింగ్ 7.5, స్పీకింగ్ 6.5, రైటింగ్ 6. మొత్తం 7. ఇంట్లో స్వీట్లు కూడా పంచేశారు. తర్వాత తీరిగ్గా యూకే యూనివర్సిటీ కండిషనల్ ఆఫర్ (షరతు మీద ఇచ్చిన సీటు) తీసి చదివితే, ఓవరాల్ 6.5 చాలు, కానీ ఏ సెక్షన్లోనూ 6.5కి తగ్గకూడదట. అడిగినదానికంటే అర బ్యాండ్ ఎక్కువ తెచ్చుకుని మరీ ఫెయిలయ్యానన్నమాట.

కన్సల్టెన్సీ అతను "ఐఈఎల్‌టీఎస్ రాసిన సంగతి చెప్పొద్దు, కాలేజీ నుంచి ఎంఓఐ తెచ్చి పెట్టేద్దాం" అంటున్నాడు. మా అమ్మేమో "పద్దెనిమిదేళ్లు ఇంగ్లీషు మీడియం ఫీజులు కట్టాం, ఇప్పుడు నీకు ఇంగ్లీషు వచ్చని చెప్పించుకోవడానికి మళ్లీ వేలకు వేలు కట్టాలా?" అంటోంది. ఆవిడకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. సెప్టెంబర్ ఇన్‌టేక్. కండిషన్ తీర్చడానికి ఆరు వారాలే ఉంది. ఏం చెయ్యమంటారు?

ఇరానీ_చాయ్
స్వీట్లు ఎక్కడివి? ముందు అది చెప్పు.

బ్యాండ్_మేళం
బ్రో, కంప్యూటర్ మీద రాశావా, పేపర్ మీదా? కంప్యూటరైతే వన్ స్కిల్ రీటేక్ ఉంది. మొదటి పరీక్ష జరిగిన 60 రోజుల్లోపు ఏదో ఒక్క సెక్షన్ మాత్రమే మళ్లీ రాయొచ్చు. మిగతా మూడింటి మార్కులు అలాగే ఉండి, కొత్త రిపోర్టు ఫారం వస్తుంది. తక్కువొస్తే పాతదే వాడుకోవచ్చు, పోయేదేం లేదు. ఒక పరీక్షకి ఒక్కసారే ఛాన్స్. అయితే అన్ని యూనివర్సిటీలూ దాన్ని తీసుకోవు. డబ్బు కట్టేముందే అడ్మిషన్స్ వాళ్లకి మెయిల్ పెట్టి, తీసుకుంటామని రాతపూర్వకంగా చెప్పించుకో.

కేపీహెచ్‌బీ_కిరాక్
కంప్యూటరే. రాసి 19 రోజులైంది. మెయిల్ ఇప్పుడే పెడుతున్నా.

@ఇరానీ_చాయ్ అమ్మ తిరిగి తీసుకోవడం కుదరదంది.

సైదాబాద్_సుధ
రీవాల్యుయేషన్ కూడా ఉంది కదా? మా చెల్లికి రైటింగ్ 6 ఉంటే 6.5 అయింది.

బ్యాండ్_మేళం
ఉంది. ఎంక్వయిరీ ఆన్ రిజల్ట్స్ అంటారు. పరీక్ష రాసిన ఆరు వారాల్లోపు పెట్టాలి, బ్యాండ్ మారితే కట్టిన డబ్బు వెనక్కిస్తారు. లిజనింగ్, రీడింగ్‌లలో నలభై ప్రశ్నలకి జవాబులు రాసేదే కాబట్టి అక్కడ మారేది దాదాపు ఉండదు. మనిషి దిద్దే రైటింగ్, స్పీకింగ్‌లోనే ఏమైనా ఆశ. కానీ ఆరు వారాల గడువున్నవాడు ఒక్క రీవాల్యుయేషన్ మీదే కూర్చుంటే లాటరీ టికెట్ కొనుక్కున్నట్టే.

మైత్రీవనం_మెట్లు
రీటేక్ ఎందుకు, పీటీఈ రాసెయ్, అదీ ఇంగ్లీషు పరీక్షే. చాలావరకు కంప్యూటరే దిద్దుతుంది, మామూలుగా రెండు రోజుల్లో రిజల్ట్. మా సెంటర్లో ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో ఇరుక్కున్నవాళ్లందరినీ అటే పంపుతున్నాం. ఎస్సేకి టెంప్లేట్ ఇస్తాం, బట్టీ పట్టి దించెయ్యడమే.

తార్నాక_టీచరమ్మ
ఆ టెంప్లేటే కదా ఈ అబ్బాయి కొంప ముంచింది! బాబూ కిరాక్, టాస్క్ 2లో ఏ ప్రశ్న వచ్చింది, నువ్వు మొదటి వాక్యం ఏం రాశావు? గుర్తుంటే చెప్పు.

కేపీహెచ్‌బీ_కిరాక్
యూనివర్సిటీ చదువు అందరికీ ఉచితంగా ఇవ్వాలా, నీ అభిప్రాయం ఏమిటి అని అడిగారు మేడం. నేను "ఇన్ దిస్ కాంటెంపరరీ ఎరా, ఇట్ ఈజ్ ఎ హైలీ డిబేటబుల్ టాపిక్ దట్..." అని మొదలుపెట్టాను. తర్వాత ఒక పేరా లాభాలు, ఒక పేరా నష్టాలు. చివర "ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్" అని ముగించాను.

ఇరానీ_చాయ్
అమీర్‌పేట జాతీయగీతం పాడొచ్చావన్నమాట 😂

తార్నాక_టీచరమ్మ
అనుకున్నాను. డిగ్రీ కాలేజీలో ఇరవైమూడేళ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని, కాస్త పెద్దదే రాస్తాను, ఓపిగ్గా చదువు.

రైటింగ్‌ని నాలుగు కొలతల మీద దిద్దుతారు, నాలుగింటికీ సమాన బరువు. అడిగినదానికి జవాబు చెప్పావా, ఒక మాటకి ఇంకో మాట అతుకుతోందా, పదాలు ఎలా వాడావు, వ్యాకరణం ఎలా ఉంది. నిన్ను నీ అభిప్రాయం అడిగారు. నువ్వు లాభాలు, నష్టాలు చెప్పి నాణేనికి రెండు వైపులున్నాయన్నావు. నాణెం సంగతి వాళ్లకి తెలుసు. ఉచితంగా ఇవ్వాలంటావా, వద్దంటావా? అది మాత్రం చెప్పలేదు. మొదటి కొలతలోనే దెబ్బ తిన్నావు. ఇక ఆ "కాంటెంపరరీ ఎరా" లాంటి బట్టీ వాక్యాలు పరీక్ష దిద్దేవాళ్లకి పాత చుట్టాలు. నువ్వు సొంతంగా రాసిన తర్వాతి వాక్యం వేరే మనిషి రాసినట్టుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

అసలు మన పిల్లలకి లిజనింగ్, రీడింగ్‌లో ఎప్పుడూ ఎక్కువే వస్తాయి, రైటింగ్‌లోనే పడతారు. ఎందుకో ఆలోచించారా? ఇంటర్ ఇంగ్లీషు పేపర్లో మనవాళ్లు రాసేదేమిటి? గైడులోంచి దిగిన అనొటేషన్లు, గైడులోంచి దిగిన ఎస్సేలు. తొంభైలు వస్తాయి. నా క్లాసులో ఏ పిల్లనైనా లేపి, గైడు మూసేసి, మీ వీధిలో చెత్తబండి రావడం లేదని మున్సిపాలిటీకి నాలుగు ముక్కలు రాయమంటే పెన్ను కదిలేది కాదు. పిల్లల తెలివికి లోటేమీ లేదు. సొంత మాట రాసే పని వాళ్లకి ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు, నాతో కలిపి. సిలబస్ పూర్తి చెయ్యాలిగా!

సరే, నీకు ఆరు వారాలుంది. టాస్క్ 1కి 150 పదాలు, టాస్క్ 2కి 250, మొత్తం గంట. టాస్క్ 2కి రెట్టింపు బరువు, కాబట్టి దానికి నలభై నిమిషాలు అట్టిపెట్టు. రోజూ ఒక ఎస్సే. మొదటి పేరాలోనే నీ పక్షం ఏమిటో తేల్చెయ్. ఉదాహరణ నీ బతుకులోంచి తియ్, ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి నీకు తెలిసినంత ఆ పరీక్ష దిద్దే మనిషికి తెలియదు. 6 నుంచి 6.5 అసాధ్యమేమీ కాదు.

కేపీహెచ్‌బీ_కిరాక్
మేడం, ఈ ఒక్క పోస్టు మూడు నెలల కోచింగ్ ఫీజుకి సమానం. నిజంగా.

మైత్రీవనం_మెట్లు
మేడం మీద గౌరవంతోనే చెప్తున్నా. నా దగ్గరికి వచ్చే పిల్లలు నెలన్నరలో స్కోరు కావాలంటారు. సగంమంది ఉదయం ఆఫీసు, సాయంత్రం క్లాసు. వాళ్లకి సొంత గొంతు నేర్పే టైమెక్కడిది? మొదటి వాక్యానికి ఒక ఊతకర్ర ఇస్తాం, అది తప్పా? టెంప్లేట్‌తో 6.5 తెచ్చుకుని ఇప్పుడు అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు నాకు వందమంది తెలుసు.

తార్నాక_టీచరమ్మ
ఊతకర్ర తప్పు కాదు నాయనా. బ్యాచ్ మొత్తానికీ ఒకే కర్ర ఇస్తున్నారు, అదీ నా గొడవ.

సైదాబాద్_సుధ
ఎంఓఐ సంగతి ఎవరూ చెప్పలేదు. నా అనుభవం: యూకేలో రెండు యూనివర్సిటీలు ఎంఓఐ చాలన్నాయి. కాలేజీకి వెళ్లి మూడు రోజులు తిరిగితే ఇచ్చారు. యూనివర్సిటీ వాళ్లు ఆ లెటర్ నిజమా కాదా అని కాలేజీకి మెయిల్ పెట్టారు. లెటర్‌హెడ్ మీద ఉన్న మెయిల్ ఐడీ జీమెయిల్. మాకు జీమెయిల్ చెల్లదు, కాలేజీ సొంత డొమైన్ నుంచి జవాబు రావాలన్నారు. ఆఫీసులో క్లర్కు గారిని అడిగితే సొంత డొమైన్ మెయిల్ ఉందన్నారు గానీ పాస్‌వర్డ్ తెలిసిన సార్ రెండేళ్ల క్రితమే రిటైరయ్యారట. చివరికి పీటీఈ రాసుకుని వెళ్లాను.

ఇరానీ_చాయ్
ఆ సార్‌ని వెతికి పట్టుకుని రూమ్ వేసి పాస్‌వర్డ్ అడగాల్సింది.

ఓయూ_పాతకాపు
ఎంఓఐ అంటే మా తాత గుర్తొచ్చారు. 1918లో ఉస్మానియా పెట్టినప్పుడు ఉర్దూలోనే చదువు. సైన్సు, లా, వైద్యం, అన్నీ ఉర్దూలోనే. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది గానీ మీడియం కాదు. 1948 తర్వాతే ఇంగ్లీషులోకి మారింది. తాత ఉర్దూలో డిగ్రీ చేసి, ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేవారు, ఇంట్లో తెలుగు. ఆయన్ని ఇవాళ ఎంఓఐ అడిగితే "ఉర్దూ" అని వచ్చేది, అప్లికేషన్ రిజెక్ట్. అదే నేను, ఇంగ్లీషు మీడియంలో చదివి, ఆఫీసు మెయిల్ పెట్టే ముందు మా ఆవిడకి చూపిస్తా. మీడియానికీ భాష రావడానికీ సంబంధం అంతంత మాత్రమే అని మా ఇంటి రికార్డు.

బ్యాండ్_మేళం
అందుకే యూకే వీసా వాళ్లు ఇంగ్లీషు పరీక్ష అడగని మెజారిటీ ఇంగ్లీషు దేశాల జాబితాలో జమైకా, మాల్టా ఉంటాయి, మన దేశం ఉండదు. రెండు వందల ఏళ్లు పాలించి నేర్పించి, ఇప్పుడు మీకు రాదంటారు. ఇదెక్కడి న్యాయం?

తార్నాక_టీచరమ్మ
వాళ్లు నేర్పింది ఎంతమందికి నాయనా? గుమస్తాలకి. కోపం రావడం సహజమే, కానీ మన క్లాసురూముల్లో పాఠం సగం తెలుగులోనే నడుస్తుందని మనందరికీ తెలుసు. "దిస్ ఈజ్ ది సర్క్యూట్, దీన్ని ఇట్లా గీయాలి, అర్థమైందా?" ఇదీ మన మీడియం. అందులో తప్పేం లేదు, పిల్లలకి అర్థమవుతుంది. కానీ పాఠమంతా ఇంగ్లీషులోనే చెప్పామని సంతకం పెట్టేటప్పుడు ప్రిన్సిపాల్ గారి చెయ్యి కొంచెమైనా వణకాలి.

వైజాగ్_టు_వార్విక్
కిరాక్ తమ్ముడూ, కన్సల్టెన్సీ మాట వినొద్దు. నేను ఇక్కడికొచ్చి రెండేళ్లయింది, పద్ధతి చెప్తాను.

యూకే స్టూడెంట్ వీసాకి డిగ్రీ స్థాయి కోర్సులైతే బీ2 స్థాయి, అంటే మధ్యస్థం దాటిన ఇంగ్లీషు ఉండాలి. మంచి రికార్డున్న యూనివర్సిటీ అయితే నీకు ఆ స్థాయి ఉందా లేదా అని తానే తేల్చుకోవచ్చు. ఐఈఎల్‌టీఎస్సో, ఎంఓఐయో, ఇంటర్ ఇంగ్లీషు మార్కులో, ఏది చూసి తేల్చుకుందో క్యాస్‌లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) రాస్తుంది. "ఐఈఎల్‌టీఎస్ లేకుండా యూకే" అని మెట్రో పిల్లర్ల మీద కనిపించే ఫ్లెక్సీల వెనక ఉన్న విషయం ఇదే. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. ఎందుకంటే యూనివర్సిటీ స్పాన్సర్ చేసినవాళ్లలో వీసా రిజెక్ట్ అయినవాళ్లు ఒక హద్దు దాటితే దాని లైసెన్సుకే ముప్పు. పది శాతంగా ఉన్న ఆ హద్దుని 2025లో వచ్చిన ప్రభుత్వ శ్వేతపత్రంలో ఐదు శాతానికి దించుతామన్నారు. దాంతో యూనివర్సిటీలు క్యాస్ ఇచ్చే ముందే వీడియో ఇంటర్వ్యూ పెట్టి దులుపుతున్నాయి. మా క్లాస్‌మేట్ తమ్ముడు ఎంఓఐ మీద అన్నీ దాటుకొచ్చి, ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నావు అని అడిగితే బట్టీ పట్టిన ఎస్ఓపీ (కోర్సు ఎందుకో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసం) అప్పజెప్పాడు. మధ్యలో ఆపి ఇంకో ప్రశ్న వేశారు. అంతే, మళ్లీ మొదటినుంచి అప్పజెప్పాడు. క్యాస్ రాలేదు.

ఇంకోటి. రాసిన పరీక్ష దాచిపెట్టమంటున్నాడు చూడు, అది చాలా ప్రమాదం. అప్లికేషన్లో ఇంతకుముందు రాసిన పరీక్షల గురించి అడిగితే లేదని పెట్టడం అబద్ధం కిందికొస్తుంది. 6 రావడం నేరం కాదు.

నల్లకుంట_నాన్న
అందరికీ ఒక సందేహం. మా అమ్మాయి అమెరికాకి వెళ్తానంటోంది. డ్యుయోలింగో రాస్తే చాలంటోంది. అది ఫోన్లో గుడ్లగూబ బొమ్మ ఉండే ఆట కదా? గుడ్లగూబ మొహం చూసి పరీక్ష రాయడమేమిటని మా అమ్మగారు ఒకటే గొడవ.

ఇరానీ_చాయ్
అంకుల్ 🙏🙏 అమ్మమ్మగారికి లక్ష్మీదేవి వాహనం అని చెప్పండి. ఎడ్యుకేషన్ లోన్ కూడా వస్తుంది.

డాలస్_డప్పు
అంకుల్, ఆ కంపెనీదే, కానీ ఆట వేరు, పరీక్ష వేరు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు గంటసేపు. 10 నుంచి 160 దాకా స్కోరు, రెండు రోజుల్లో వచ్చేస్తుంది, ఎన్ని యూనివర్సిటీలకి పంపినా అదనంగా డబ్బు కట్టక్కర్లేదు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి. ఎఫ్ 1 స్టూడెంట్ వీసాకి ప్రభుత్వం విడిగా ఇంత స్కోరు ఉండాలని పెట్టలేదు. ఐ ట్వంటీ (వీసాకి కావలసిన అడ్మిషన్ పత్రం) ఇచ్చే యూనివర్సిటీయే చూసుకుంటుంది. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ దగ్గర ఆఫీసరు రెండు నిమిషాలు మాట్లాడిస్తాడు చూడండి, అదే అసలు స్పీకింగ్ టెస్ట్.

ఒక్కటి మాత్రం నా సొంత ఏడుపు చెప్తా. నాకు ఇంగ్లీషు పరీక్ష మాఫీ చేశారు, ఎగిరి గంతేశాను. ఇక్కడికొచ్చాక మొదటి సెమిస్టర్లోనే ఒక ప్రొఫెసర్ టీచింగ్ అసిస్టెంట్‌గా తీసుకుంటానన్నారు. టీఏ అంటే ట్యూషన్ ఫీజు చాలావరకు పోతుంది, పైగా జీతం. తీరా డిపార్ట్‌మెంట్ ఆఫీసులో నా స్పీకింగ్ స్కోరు అడిగారు. అడ్మిషన్‌కి మాఫీ ఉంటుంది గానీ పిల్లలకి పాఠం చెప్పేవాళ్లకి మాఫీ లేదట. చాలా రాష్ట్రాల్లో దీనికి చట్టాలే ఉన్నాయి. మళ్లీ ఇక్కడ పరీక్ష రాసి స్కోరు తెచ్చేలోపు ఆ సీటు వేరేవాళ్లకి పోయింది. ఆ సెమిస్టర్ ఫీజు ఇంకా లోన్‌లో కడుతున్నా. అమ్మాయికి టీఏ చెయ్యాలని ఉంటే, డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో ఆ పేజీ వేరుగా చదవమనండి.

నల్లకుంట_నాన్న
చాలా థాంక్స్ బాబూ. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో రాసేటప్పుడు మేం పక్కన కూర్చోవచ్చా?

సైదాబాద్_సుధ
అయ్యో వద్దంకుల్! గదిలో ఇంకెవరూ ఉండకూడదు, ఇయర్‌ఫోన్స్ పెట్టకూడదు, చెవులు కనిపించాలి, చూపు స్క్రీన్ దాటకూడదు. నేను అలాంటి ఇంటి పరీక్షే ఒకటి రాశా. ఉదయం పది గంటలకి. కుక్కర్ ఆపించా, టీవీ ఆపించా, నాన్నని పార్కుకి పంపించా. సరిగ్గా స్పీకింగ్ మొదలవ్వగానే కింద ఆటో, "ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు, వందకి నాలుగు కిలోలు" అని మైకులో. నేను పర్యావరణం గురించి మాట్లాడుతుంటే వెనక రేటు వినిపిస్తోంది. కిటికీ వైపు ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. ఫలితం ఇవ్వలేం, మళ్లీ రాయండని మెయిల్ వచ్చింది.

ఇరానీ_చాయ్
వందకి నాలుగు కిలోలా? ఏ సంవత్సరం అది?

మెల్‌బోర్న్_మామ
ఇంటి పరీక్షలు ఆస్ట్రేలియా వీసాకి అస్సలు చెల్లవు, ఇది గుర్తుపెట్టుకోండి. ఇక్కడ యూనివర్సిటీ లెక్క వేరు, వీసా లెక్క వేరు. 2024 మార్చి 23 నుంచి స్టూడెంట్ వీసాకి ఐఈఎల్‌టీఎస్ 5.5 నుంచి 6కి పెంచారు, చదువయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి 6 నుంచి 6.5కి. గ్రాడ్యుయేట్ వీసాకి స్కోరు ఏడాదిలోపుది కావాలి. ఇండియాలో రాసినదానికి రెండేళ్లు విలువ ఉందిలే అనుకుని వచ్చినవాళ్లంతా చదువు చివర్లో మళ్లీ పరీక్ష హాల్లో కలుస్తున్నారు. టోఫెల్ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్షని కూడా 2023 జులై 26 నుంచి 2024 మే 4 మధ్య రాసినవాటిని వీసాకి తీసుకోలేదు, తర్వాత మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టారు.

పీటీఈ గురించి ఒక మాట. కంప్యూటర్ దిద్దితే పక్షపాతం ఉండదంటారు, ఒప్పుకుంటా. కానీ హాల్లో పదిమంది ఒకేసారి మైకులో అరుస్తుంటారు. పక్కవాడి "డిస్క్రైబ్ ఇమేజ్" నా చెవిలో, నాది వాడి చెవిలో. నా బొమ్మలో గుండ్రటి పై చార్ట్ ఉంటే వాడి నోట బార్ గ్రాఫ్ విని నేను కూడా బార్ గ్రాఫ్ అనేశా.

ఫాల్_ఇన్‌టేక్
టోఫెల్ రాసేవాళ్లు పాత పుస్తకాలు కొనకండి. 2026 జనవరి 21 నుంచి పరీక్షే మారింది. 120కి బదులు 1 నుంచి 6 దాకా స్కేలు, రీడింగ్, లిజనింగ్‌లలో మన జవాబుల్ని బట్టి తర్వాతి ప్రశ్నలు మారతాయి. రెండేళ్లపాటు పాత 120 లెక్కలో ఎంతో కూడా పక్కన వేస్తారు. కోఠీలో సెకండ్ హ్యాండ్ గైడు రెండు వందలకి దొరికిందని మురిసిపోయా, ఇప్పుడది కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డు పెట్టడానికి పనికొస్తోంది.

నల్గొండ_నుంచి_నార్తాంప్టన్
విదేశీ విద్యానిధికి అప్లై చేసేవాళ్లకి ఒక మాట. మన తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకి 20 లక్షల దాకా ఇచ్చే స్కీములు ఉన్నాయి కదా. యూనివర్సిటీ ఎంఓఐతో సీటిచ్చినా, స్కీముకి ఇంగ్లీషు పరీక్ష స్కోరు అడుగుతారు. నేను సీటొచ్చిందన్న సంబురంలో పరీక్ష రాయలే. నోటిఫికేషన్ వచ్చినంక పరేషాన్. స్లాట్ దొరికి, రాసి, స్కోరొచ్చేసరికి చివరి తారీఖుకి రెండు రోజులే మిగిలినయ్. మా నాయన రెండెకరాలు కుదువబెట్టకుండ ఆగిందంటే ఆ రెండు రోజులే. మీరట్ల చెయ్యకుర్రి. వేవర్ (పరీక్ష మాఫీ) వచ్చినా సరే, ఒక స్కోరు చేతిల ఉంచుకోవాలె.

డబ్లిన్_దోశ
+1. ఐర్లండ్‌లో నాకు స్కాలర్‌షిప్‌కి కూడా అదే అయింది.

బ్యాండ్_మేళం
కెనడా వాళ్లెవరూ లేరా? ఎస్‌డీఎస్‌కి (త్వరగా వచ్చే స్టూడెంట్ వీసా లైను) ఐఈఎల్‌టీఎస్ 6 చాలా?

డాలస్_డప్పు
అన్నా, ఎస్‌డీఎస్ 2024 నవంబర్ 8నే ఎత్తేశారు. ఇప్పుడు అందరికీ ఒకటే లైను.

బ్యాండ్_మేళం
ఓహ్. మా కన్సల్టెన్సీ బోర్డు మీద ఇంకా ఉంది.

వైజాగ్_టు_వార్విక్
ప్రీ సెషనల్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తున్నా. అర బ్యాండ్ తక్కువైతే వేసవిలో ఆరు నుంచి పది వారాల ఇంగ్లీషు కోర్సు చేసి నేరుగా మాస్టర్స్‌లోకి వెళ్లొచ్చు. మంచి దారే, కానీ ఫీజు పౌండ్లలో, పైగా ముందే అక్కడికి వెళ్లి ఉండాలి. దానికి సాధారణంగా యూకే వీసాల కోసం విడిగా పెట్టే ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ అడుగుతారు, మామూలు ఐఈఎల్‌టీఎస్ కుదరదు. ప్రశ్నపత్రం తీరు ఒకటే, పరీక్ష కేంద్రంలో భద్రత ఎక్కువ, రిపోర్టు వేరు. ఈ భద్రత పిచ్చి ఊరికే రాలేదు. 2014లో బీబీసీ పనోరమా వాళ్లు లండన్ కేంద్రాల్లో టోయిక్ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్షని ఒకరి బదులు ఒకరు రాయడం రహస్యంగా తీసి చూపించారు. వేలమంది వీసాలు రద్దయ్యాయి. అందులో ఏ తప్పూ చెయ్యనివాళ్లు ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచిన కేసులు ఉన్నాయి.

కేపీహెచ్‌బీ_కిరాక్
అప్‌డేట్ 1: యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది, వన్ స్కిల్ రీటేక్ తీసుకుంటామన్నారు. స్లాట్ బుక్ చేశా, ఇంకా 16 రోజులుంది. ఎంఓఐ మాత్రం నా కోర్సుకి ఒప్పుకోమన్నారు. అంటే కన్సల్టెన్సీ అతను చెప్పింది ఎలాగూ కుదిరేది కాదు. ఆ మాట చెప్తే "అవునా? పోయినేడు ఒప్పుకున్నారే" అని చాయ్ తెప్పించాడు.

మేడం, రోజూ ఎస్సే రాస్తున్నా. రెండు ఇక్కడ పెట్టనా?

తార్నాక_టీచరమ్మ
పెట్టు. మొదటి వాక్యంలో "ఎరా" కనిపిస్తే మిగతాది చదవను.

మైత్రీవనం_మెట్లు
నాకూ పంపించమ్మా తమ్ముడూ, చూస్తా. మేడం చెప్పిన చెత్తబండి ఉత్తరం నిన్న మా బ్యాచ్‌కి ఇచ్చాను. ముప్పైమందిలో నలుగురు రాశారు. ఒకడు మాత్రం అదరగొట్టాడు, వాళ్ల వీధిలో నిజంగానే పది రోజులుగా బండి రావట్లేదట.

తార్నాక_టీచరమ్మ
చూశారా! కడుపు మండితే ఇంగ్లీషు అదే వస్తుంది.

నల్లకుంట_నాన్న
చిన్న ప్రశ్న. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు గివెన్ నేమ్‌లోనే కలిసిపోయి ఉంది, సర్‌నేమ్ దగ్గర ఖాళీ. పరీక్షకి ఎలా రిజిస్టర్ చెయ్యాలి?

డాలస్_డప్పు
పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే అంకుల్, అక్షరం కూడా మార్చొద్దు. పదో తరగతి మెమోలో పొట్టిగా, డిగ్రీలో పొడుగ్గా ఉన్నా సరే, పరీక్షకి పాస్‌పోర్టే లెక్క. సర్‌నేమ్ ఖాళీ అంటే అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది, పేరు తెలియదని అర్థం. నన్ను ఇక్కడ బ్యాంకులో ఆరు నెలలు "మిస్టర్ ఫ్నూ" అని పిలిచారు. టైముంటే పాస్‌పోర్టే ముందు సరిచేయించండి.

ఇరానీ_చాయ్
ఫ్నూ గారూ నమస్తే.

కేపీహెచ్‌బీ_కిరాక్
అప్‌డేట్ 2: రాసొచ్చా. పెద్ద నగరాల్లో సొంత కార్లు నిషేధించాలా అని అడిగారు. వద్దన్నాను. పొద్దున ఎనిమిదిన్నరకి జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ వెళ్లే దారి గురించి రాశాను. మెట్రో దిగాక ఆఫీసు దాకా నడవడానికి ఫుట్‌పాత్ లేనప్పుడు కారు నిషేధిస్తే ఏమవుతుందో మా అక్క కష్టాలు రాశా. 287 పదాలు. నాణెం ప్రస్తావన లేదు.

తార్నాక_టీచరమ్మ
శభాష్. ఇక వచ్చినా రాకపోయినా నాకు ఫర్వాలేదు.

కేపీహెచ్‌బీ_కిరాక్
నాకు ఫర్వా ఉంది మేడం 😭

కేపీహెచ్‌బీ_కిరాక్
అప్‌డేట్ 3: రైటింగ్ 7!!! రిపోర్టు పంపించా. ఆఫర్ అన్‌కండిషనల్ అయింది. అమ్మ మళ్లీ స్వీట్లు తెచ్చింది గానీ ఈసారి క్యాస్ వచ్చేదాకా డబ్బా తెరవనంది. ఇప్పుడు వీసా కోసం ఖాతాలో డబ్బు 28 రోజులు కదలకుండా ఉండాలట, నాన్న బ్యాంకు మేనేజర్ చుట్టూ తిరుగుతున్నారు. దానికి వేరే థ్రెడ్ వేస్తా.

సైదాబాద్_సుధ
కంగ్రాట్స్! లెక్కేస్తే ఓవరాల్ 7.25, అంటే 7.5 కింద ఇస్తారు. పాపం, ఎవరూ అడగని ఓవరాల్ కూడా పెరిగింది.

మైత్రీవనం_మెట్లు
తమ్ముడూ, ఆ కార్ల ఎస్సే గుర్తున్నంతవరకు రాసి పంపుతావా? టెంప్లేట్‌గా కాదు, ఒట్టు, చదివి వినిపించడానికి.

నల్లకుంట_నాన్న
మా అమ్మాయికి డ్యుయోలింగోలో 125 వచ్చింది. ఆ గంటసేపు మేమందరం, మా అమ్మగారితో సహా, మెట్ల మీద కూర్చున్నాం. ఉల్లిగడ్డల ఆటోని సందు మొదట్లోనే ఆపి ఐదు కిలోలు కొన్నాను. మొన్న శుక్రవారం చిల్కూరు వీసా బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు చేశాం. 108 తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే మోకాళ్ల సంగతి చెప్పండి.

డాలస్_డప్పు
అంకుల్, 108 వీసా వచ్చాక. ఇప్పుడే కాదు.

నల్లకుంట_నాన్న
తెలుసు బాబూ. మా అమ్మాయి మాక్ టెస్టులు రాసింది కదా, నేనూ కాలనీ పార్కులో ముందే తిరుగుతున్నాను. నిన్నటికి 40 దాకా వచ్చాను.